మెతుకు ముట్టలేదన్న మాట

1970 సెప్టెంబరు 14, సోమవారం, పగలు రెండున్నర. మిర్యాలగూడలో సన్నని వాన, పడమటి గాలి. మా సైనిక వైద్య దళం లారీలు దిగి ఒక బడిలో మకాం వేసింది. వానలకు నల్లగొండ దారి తెగింది. పెద్దాసుపత్రికి చేరలేని రోగులను అక్కడే చూడాలని ఆజ్ఞ. నేను ఆపరేషన్ గది హవల్దారును, మాది కోదాడ. దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే కనుక రోగులను ప్రశ్నించే పనీ నాదే.

సామగ్రి: మడత బల్ల ఒకటి, ఆక్సిజన్ సిలిండర్లు రెండు, గొంతులో చేరినదాన్ని లాగేందుకు కాలితో తొక్కి నడిపే పీల్చే యంత్రం ఒకటి.

మరునాడు ఉదయం పదకొండింటికి ఎడ్లబండిలో ఒక గర్భిణిని తెచ్చారు. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. చాలా రక్తం పోయినందున నడుముకు సూది కుదరదని, పూర్తి మత్తు ఇచ్చి కోయవలసిందేనని మత్తు డాక్టరైన కెప్టెన్ తేల్చారు.

ఆయన మొదట అడిగేది ఒకటే: కడుపు ఖాళీయా? నిండు కడుపుతో మత్తిస్తే లోపలిది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అలా ఒక జవాను నీలంగా మారిపోవడం అంతకుముందు పోస్టింగులో చూశాను.

వెంట వచ్చిన ఆమె అత్తను అడిగాను. "ఏమన్న తిన్నదా?"

"ఏడ తింటది సారూ! నిన్న పొద్దుగాల సంది మెతుకు ముట్టలే."

ఖాళీ అని కెప్టెన్‌కు చెప్పాను. సిరంజి సిద్ధమైంది. స్ట్రెచర్ ఎత్తుతుండగా అత్త కొంగు చాటు నుంచి ఇత్తడి చెంబు తీసింది.

"జర ఆగుండ్రి. అంబలి ఇంకింత ఉన్నది. తాగినంక తోల్కపోండ్రి."

స్ట్రెచర్ దించమన్నాను. "తినలేదంటివి కదమ్మా!"

"తినలే. తాగింది. తినుడు, తాగుడు ఒక్కటేనా? ఇంత పెద్ద పటాలమొచ్చింది, గిది గూడ తెల్వదా?"

"ఎంత తాగింది?"

"చెంబుల సగం. గిప్పుడే, బండ్లె. తాకత్ లేకుంటె ఎట్ల కంటది?"

కెప్టెన్ సిరంజి కింద పెట్టారు. కానీ ఆగే వీలు లేదు. బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. కడుపులోని ఆమ్లాన్ని విరిచే మందు తాగించారు. పీల్చే గొట్టాన్ని దిండు పక్కన ఉంచారు. నా బొటనవేలు, చూపుడువేలు ఆమె గొంతు మీద, ఉంగరంలా ఉండే మెత్తటి ఎముకపై ఆనించాను. దానిని వెనక్కి నొక్కి ఉంచితే అన్నవాహిక మూసుకుంటుంది.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "అన్నా, పానం పోతదా?"

"పోదు చెల్లే," అన్నాను. దానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

"దబావో. ఛోడ్నా మత్," అన్నారు కెప్టెన్. నొక్కు, వదలొద్దు. మత్తు సూది ఎక్కి ఆమె చేయి జారింది. నా వేళ్ళ కింద ఏదో తడిగా, మెల్లగా పైకి కదిలింది. వదల్లేదు. శ్వాసనాళంలో గొట్టం దిగి, దాని బుడగ ఉబ్బి, ఛాతీకి రెండు వైపులా గాలి వినిపించాక, "బస్" అన్నారు. ఇక చాలు.

సర్జన్ కోసి బయటికి తీయగానే బిడ్డ ఏడ్చింది. తరువాత కడుపులోకి వేరే గొట్టం వేస్తే సీసాలోకి బూడిదరంగు అంబలి వచ్చింది. ఆమెను పక్కకు తిప్పి, పూర్తిగా తెలివి వచ్చాకే శ్వాస గొట్టం తీశారు.

ఆనాటి నుంచి ప్రశ్న మార్చాను: "ఏమన్న తిన్నరా? ఏమన్న తాగిన్రా?"

సెప్టెంబరు 30న సూర్యాపేట మీదుగా తిరిగి వచ్చాం. ఆ సీసా మాత్రం నన్ను వదలలేదు. ఇప్పటికీ కళ్ళు మూస్తే నిండుతూనే ఉంటుంది.

తుది లెక్క ఇది. కోసి చేసిన కాన్పులు నాలుగు. మెతుకు ముట్టలేదన్న తల్లులు నలుగురు. అంబలో, చాయో తాగి వచ్చినవారు నలుగురు. ప్రాణంతో ఇంటికి చేరినవారు నలుగురు.