మందు చేపలు

1984. శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్నాయి. ములకలపల్లి వైపు అడవి అంచు ఊళ్లకు అప్పుడు నేనే పశువుల డాక్టర్ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పత్తి వేస్తున్న ప్రసాదరావు అనే రైతు పొద్దున్నే తన పాలేరును పంపాడు. "గేదెలు పడిపోతున్నయ్ సారూ, జల్దీ రమ్మన్నరు" అన్నాడతను.

నేను వెళ్లేసరికి రెండు గేదెలు చచ్చిపడి ఉన్నాయి. మూడోది కాళ్లు కొట్టుకుంటూ నురగలు కక్కుతోంది. దీన్ని మేం కన్వల్షన్స్ అంటాం, అంటే ఒళ్లంతా కొట్టుకునే మూర్ఛ. ఇంజెక్షన్ ఇచ్చినా అది నా చేతుల్లోనే పోయింది. పోస్ట్‌మార్టం చేద్దామని ఒకదాని రూమెన్, అంటే మొదటి పొట్ట, కోశాను. గుప్పుమని పురుగుమందు వాసన!

"ఏం తాగాయండీ ఇవి?"

ప్రసాదరావు తల దించుకున్నాడు. "రాత్రి వాగులో చేపల కోసం, పత్తికి కొట్టే ఎండ్రిన్ డబ్బా ఒకటి పోయించానండీ. గేదెల్ని కిందికి తోలొద్దని మా పాలేరుకి చెప్పాను కూడా. వినలేదు వెధవ. మీరు రిపోర్టులో గొంతువాపు జబ్బని రాసేయండి, గొడవ లేకుండా పోతుంది."

వాగు దగ్గరికి పరుగెత్తాను. ప్రసాదరావు నా వెనకే వచ్చాడు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోదు. చేపలు, కప్పలు, ఎండ్రకాయలు, నీటి పాములు, అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ముక్కున కరుచుకున్న చేపతోనే ఒక కొంగ ఒడ్డున చచ్చిపడి ఉంది. అంత పెద్ద వాగులో ఒక్క చప్పుడు లేదు.

"ఏంటయ్యా ఇది!" అని అరిచాను.

"పారే నీళ్లే కదండీ, సాయంత్రానికి కొట్టుకుపోతుంది."

"ఎక్కడికి కొట్టుకుపోతుంది?"

ఆయన కింది వైపు చెయ్యి చూపించాడు. ఆ వైపున కోయ గూడెం ఉంది. వాళ్లు తాగేది ఆ వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమ నీళ్లే.

మోటార్ సైకిల్ మీద గూడెం చేరేసరికి బుచ్చమ్మ అనే ఆమె చెలమ దగ్గర బిందె నింపుతోంది.

"ఆ నీళ్లు తాగొద్దమ్మా! విషం కలిపారు!"

ఆమె నమ్మలేనట్టు చూసింది. "విషమా? చేపలు గుట్టలు గుట్టలు కొట్టుకొచ్చినయ్ సారూ. పొయ్యి మీద ఉడుకుతున్నయ్, పోరగాళ్లు కంచాలు పట్టుకొని కూసున్నరు."

ఇద్దరం పరుగెత్తాం. ఇల్లిల్లూ తిరిగి కుండలు దించి పారబోయించాం. దేవుడి దయ, ఇంకా ఎవరూ నోట పెట్టలేదు. బుచ్చమ్మ ఖాళీ కుండ ముందు కూలబడి ఏడ్చింది. "మేం ఏం జేసినం సారూ వాళ్లకు? ఇగ ఏం నీళ్లు తాగాలె?" అంది. గంటసేపు వాళ్లతో కలిసి వాగుకు దూరంగా ఒక పాత బావిలో పూడిక తీత మొదలుపెట్టించి, వాగు వైపు ఎవర్నీ పోనివ్వొద్దని చెప్పి తిరిగొచ్చాను.

ఆ కంగారు తగ్గాక కానీ నాకింకో భయం పుట్టలేదు. ప్రసాదరావు ఇంటికెళ్లి అడిగాను.

"మీరు పట్టిన చేపలు తిన్నారా? పిల్లలకెలా ఉంది?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "భలేవారే డాక్టరుగారూ! మందు చేపలు మా పిల్లలకెందుకు పెడతామండీ? తెల్లవారగానే సంతకి పంపేశాను."

సంతకు వెళ్లేసరికి గంపలు ఖాళీ. "పొద్దుగాలనే అయిపోయినయ్, ఇయ్యాల మస్తు గిరాకీ" అన్నాడు అమ్మినవాడు. గొంతు పోయేదాకా సంతంతా అరుస్తూ తిరిగాను. కొందరు చేపలు తెచ్చి పారేశారు. మిగతావి ఎవరు తిన్నారో, వాళ్లేమయ్యారో నాకు ఈ రోజుకీ తెలియదు.

రిపోర్టులో విషం అనే రాశాను. అడవినీ వాగునీ జనం తెలియక పాడుచేస్తారు, చెబితే మారతారు అని అప్పటిదాకా గట్టిగా నమ్మేవాణ్ణి. ప్రసాదరావుకు నేను చెప్పాల్సిందేమీ లేదు. ఆయనకు అంతా తెలుసు. తెలుసు కాబట్టే తన పిల్లల కంచంలో ఆ చేప పడకుండా చూసుకున్నాడు.