బావ అంగి

నాహీద్‌కు కుదురుగా కూర్చోవడం చేతకాదు. చిన్నప్పుడు కోరుట్లలో తల్లి మైమూనా బీ తల దువ్వుతుంటే సగం జడతోనే లేచి పరుగెత్తేది. డాక్టరయ్యాక అత్యవసర వైద్యం ఎంచుకుందని తెలిసి తల్లి నవ్వింది. "కుర్చీల గూసుండే డాక్టర్ పని నీతోని కాదు బేటీ. ఉరుకుడే నీ పని."

ఇప్పుడామె జగిత్యాలలో వైద్య విద్యార్థులకు పాఠం చెబుతుంది. చుట్టుపక్కల జిల్లాల్లో ఆ విభాగంలో బోధించే డాక్టర్లంతా కలిసి పెట్టుకున్న సంఘానికి కార్యదర్శి కూడా. ఏటేటా సభకు హాలు మాట్లాడటం, పట్నం నుంచి వచ్చే వక్తలకు కార్లు పంపడం, కొత్త పరిశోధనల మీద నెలనెలా చర్చ నడపడం, గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎట్లా నొక్కాలో వాడవాడకూ వెళ్లి నేర్పడం, అన్నీ ఆమె నెత్తినే. దండ మాత్రం అధ్యక్షుడు దామోదర్ రావు మెడలో పడేది.

ఈసారి ఆయన దిగిపోతున్నాడు. "ఇగ నువ్వేనమ్మా. ఓట్లు గీట్లు ఏం లెవ్వు, ఏకగ్రీవం," అని తనే చెప్పాడు. ఆ సంఘంలో ఎప్పుడూ అంతే. ఊళ్లలో సర్పంచిని కూర్చోబెట్టినట్టు, పెద్దలు ముందురోజు విందులో ఒక మాట అనుకుంటారు. మర్నాడు సభ చప్పట్లు కొడుతుంది.

నాహీద్‌కు ఆ పదవి కావాలి. గట్టిగా కావాలి. ఛాతీ నొక్కడం నేర్పే మనిషి బొమ్మలు ఇంకో నాలుగు కావాలన్నా, ఒక బండి కదలాలన్నా అధ్యక్షుడి మాటే చెల్లుతుంది. కానీ సభకు వారం ముందు సిరిసిల్లలో విన్న మాట ఆమెను నిలవనివ్వడం లేదు.

అక్కడ బీడీలు చుట్టే శంకరవ్వ కిందటేడు సంఘం ఇచ్చిన శిక్షణకు వచ్చింది, సర్టిఫికెట్ కూడా తీసుకుంది. మొన్న ఆమె బావ, భర్తకు సొంత అన్న అయిన ఆనందం, మరమగ్గాలు నడిచే సాంచాల కార్ఖానా నుంచి ఇంటికొచ్చి గడపలోనే కూలిపోయాడు. ఇంట్లో శంకరవ్వ ఒక్కతే ఉంది. వీధిలోకి ఉరికి మగవాళ్లను కేకేసింది. వాళ్లు వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

శిక్షణ పొందినవాళ్లను పలకరించడానికి వెళ్లిన నాహీద్ ఆ సంగతి విని ఉండబట్టలేకపోయింది. "నువ్వు నేర్సుకున్నవ్ గద శంకరవ్వా. ఎందుకు నొక్కలే?"

శంకరవ్వ ఒళ్లోని చేట పక్కన పెట్టింది. "బావ మీద చెయ్యేస్తనా మేడం? గాయిన ముందట ఎన్నడన్న మంచం మీద గూసున్ననా? మీరు నేర్పిన దినం నేను బొమ్మనే ముట్టలే. మొగోని బొమ్మ, సుట్టూత మొగోళ్లు. ఆడోళ్లమందరం ఎనుక నిలవడి సూసినం. ఉప్మా తిన్నం, కాయితం తీస్కొని వచ్చినం." చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంటూ అడిగింది. "నొక్కితె బతికెటోడా?"

"చెప్పలేం అవ్వా."

"అంటె బతికెటోడేమో."

నాహీద్ ఆ మాట మోసుకుని కోరుట్ల వెళ్లింది. మైమూనా బీ అంతా విని, "మీ బడే అబ్బా నాకు బావనే గద, గాయినకు నేను చాయ్ ఇచ్చింది పర్దా ఎనుకనుంచే. గా అవ్వది ఏం తప్పు?" అంది. పెట్టిన అన్నం అట్లాగే ఉంది. నాహీద్ లేచి గదిలో అటూ ఇటూ తిరగసాగింది.

సభరోజు చాయ్ బల్ల దగ్గర దామోదర్ రావుకు ఇదంతా చెప్పి, సభలో లేవనెత్తుతానంది. ఆయన భుజం తట్టాడు. "చెప్పమ్మా, ఎవలొద్దన్నరు? కుర్చీల గూసున్నంక చెప్పు. ఇయాల లొల్లి ఎందుకు? దండ గూడ తెప్పిచ్చిన."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అదే ఆమెను ఇంకా తిప్పలు పెట్టింది. సభ మొదలయ్యాక హాల్లో పక్కన కూర్చున్న మధు, ఆమె తోటి అధ్యాపకుడు, చెవిలో అన్నాడు. "మీరు లేసుడు గూసునుడు జూస్తె కుర్చీకే ఆయాసమొస్తుంది మేడం."

వేదిక మీద దామోదర్ రావు వేలమందికి శిక్షణ ఇచ్చామని చదివాడు. చప్పట్లు మోగాయి. అవి ఆగకముందే నాహీద్ లేచింది.

"గీ లెక్క తప్పు సార్. వచ్చినోళ్లను లెక్కవెట్టినం, నొక్కినోళ్లను కాదు. ఆడోళ్లు బొమ్మనే ముట్టలే. ఇగ నొక్కినోళ్లకే సర్టిఫికెట్ ఇయ్యాలె. ఆడోళ్లకు ఆడోళ్లే నేర్పాలె. గీ తీర్మానం మీద ఓటు పెట్టుండ్రి."

వెనక నుంచి ఎవరో అన్నారు. "గప్పుడు మీరు యాడున్నరు మేడం?"

"మైకు వట్టుకొని ముందట్నే ఉన్న. ఎనుకకు మళ్లి సూడలే."

హాలంతా గోలైంది. తీర్మానాన్ని వచ్చే సభకు వాయిదా వేశారు. ఎవరో అధ్యక్ష పదవికి మధు పేరు చెప్పారు. వద్దు వద్దంటున్నా చేతులు లేచాయి. నాహీద్ కోసం తెచ్చిన దండ మెడలో పడగానే మధు బిక్కమొహం వేశాడు.

"కార్యదర్శిగ నువ్వే ఉండాలెనమ్మా," అన్నాడు దామోదర్ రావు.

"ఉంట సార్. బొమ్మ మాత్రం ఇగ నా కార్లనే ఉంటది."

ఆ ఆదివారమే సిరిసిల్లలో ఒక ఇంటి తలుపు మూసి, వాడలోని ఆడవాళ్లను కూర్చోబెట్టింది. బొమ్మకు తొడగడానికి ఒక మగవాళ్ల అంగి కావాలని అడిగింది. శంకరవ్వ ఇంటికి వెళ్లి బావ అంగి తెచ్చింది. కాలర్‌కు ఇంకా దూది నూగు అంటుకునే ఉంది.

"ఇగ ఈయన మీ బావ అనుకోండ్రి," అంది నాహీద్.

కొంగులు నోళ్లకు అడ్డం పడ్డాయి. "అయ్యో మేడం, గదొద్దు!"

"నా బావనైతే గట్టిగనే నొక్కుత," అంది భూమవ్వ. "పొలంల భాగమియ్యలే గాయిన!"

గదంతా నవ్వింది గానీ ఎవరూ ముందుకు జరగలేదు. నాహీద్ కాళ్లు ఒకచోట నిలవడం లేదు. మళ్లీ చూసి, ఉప్మా తిని పోతారేమో. అంతలో శంకరవ్వ లేచింది. తల మీదికి కొంగు లాక్కుని బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మొహం గోడవైపు తిప్పుకుని, రెండు అరచేతులూ ఆ అంగి మీద ఆనించింది.

"ఏమనుకోకుండ్రి బావా," అని నొక్కడం మొదలుపెట్టింది.

నవ్వులు ఆగిపోయాయి. భూమవ్వ పక్కకు వచ్చి తన వంతు కోసం కూర్చుంది.

"చాలు శంకరవ్వా," అంది నాహీద్.

శంకరవ్వ ఆపలేదు.