రేపల్లె కంప్యూటర్‌కి ఒక కార్డు

తొంభైఆరులో సంగతి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఉన్న ఒక కంటి ఆసుపత్రి కంప్యూటర్లు మూడింటికీ వేదవతే పెద్దదిక్కు. రోగుల వివరాల పట్టికలో ఏ మార్పు కావాలన్నా సంచిలో ఫ్లాపీ వేసుకుని బస్సెక్కేది. మూడు ఊళ్లలోనూ తన చేత్తోనే మార్చేది. ఎక్కడ ఏది చేసిందో అంతా ఆమె జ్ఞాపకంలోనే ఉండేది. ఆ జ్ఞాపకమంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

రేపల్లెలో ఆ గర్వం దిగిపోయింది. కుడి కన్ను, ఎడమ కన్ను వేర్వేరు గడుల్లో చూపే మార్పు చేయడం మరిచి, దాని తర్వాతిది చేసేసేసరికి గడులు తారుమారయ్యాయి. చేపలమ్మే కోటిరత్నానికి శుక్లం కుడి కంట్లో ఉంటే కాగితం మీద ఎడమ అని వచ్చింది. ఆపరేషన్ బల్ల మీద ఆమే, "ఈ కన్ను కాదు బాబూ, అవతలిది" అనబట్టి సరిపోయింది.

ఆసుపత్రి నడిపే డాక్టర్ గౌరీశంకరం అరవలేదు. నెలాఖరుకల్లా కంప్యూటర్లు తీసేసి మళ్లీ పుస్తకాల్లో రాసుకుందామన్నారు. తిట్టినా బాగుండేదనిపించింది వేదవతికి. ఉద్యోగం సంగతి అటుంచి, తన పొరపాటు ఒక మనిషి కంటిదాకా వెళ్లిందని వణికిపోయింది.

ఆ వారమే బాపట్లలో అక్క బిడ్డకు టీకా వేయించడానికి తోడు వెళ్లింది. నర్సు సుందరమ్మ సూది ముట్టుకోలేదు.

"ముందు కార్డు చూపించమ్మా. ఏవి పడ్డాయో చూడకుండా ఎట్టా వేస్తాం?"

వేదవతి కార్డు వంకే చూస్తూ నిలబడిపోయింది. తన మూడు కంప్యూటర్లకీ అలాంటి కార్డే లేదు!

తెనాలి చేరగానే మొదటినుంచీ చేసిన ప్రతి మార్పునూ కంప్యూటర్ తనే చదివి చేసుకునే ఆదేశాలుగా, ఒక్కో స్క్రిప్టుగా రాసి, నంబరు వేసి, ప్రోగ్రాములు దాచే చోటే దాచింది. ఒకసారి చేరినదాన్ని చెరపకూడదు. తప్పుంటే దిద్దుబాటుకు కొత్త నంబరు. రోగుల వివరాలుండే ప్రతి ఊరి డేటాబేసులోనూ, టీకా కార్డులాగే, అక్కడ పడిన నంబర్లు చూపే చిన్న పట్టిక పెట్టింది. దాన్ని చూసి, పడనివి వరసగా నడిపే ప్రోగ్రాం ఒకటి రాసింది.

నెలాఖరున రేపల్లెలో, పొరపాటుకు ముందు దాచిన డేటాబేసు ప్రతిని ఎక్కించి, డాక్టరు చూస్తుండగా ఒక్క మీట నొక్కి చేతులు వెనక్కి తీసుకుంది. తెర మీద స్క్రిప్టుల నంబర్లు కదిలాయి: పందొమ్మిది, ఇరవై, ఇరవైఒకటి... ఇరవైమూడు దగ్గర ఆగింది. మళ్లీ నొక్కితే చేయాల్సిందేమీ లేదంది ప్రోగ్రాం.

డాక్టరు కోటిరత్నం పేరు తీయమన్నారు. కుడి కన్ను.

"అద్భుతంగా ఉందమ్మా. కంప్యూటర్లు ఉండనీ. ఇక ఏ కన్నని రోగిని అడిగే పనే లేదు."

"అడగండి సార్," అంది వేదవతి. "ఆ రోజు కన్ను కాపాడింది కోటిరత్నమేనండి."