ఇష్టూ అంటే ఇష్టమే అనుకున్నాను

ఈ పరాయి దేశంలో, బూన్ లే అనే పేటలోని మా ఫ్లాట్‌లో ఇప్పుడు ఐరిష్ బీఫ్ స్ట్యూ ఉడుకుతోంది. అందులో పోయాల్సిన నల్ల బీరు మా ఇంట్లోకి రాదు కాబట్టి ఖర్జూరపు పాకం కలిపాను. ఆ వాసనకి హైదరాబాద్‌లో మా అమ్మమ్మ, అదే మా నానీ, వంటగది గుర్తొచ్చింది. మసిబారిన దేగ్చీ, అంచు పెచ్చులూడిన నీలం పళ్లెం, ముక్కుకి తగిలే మిరియాల ఘాటు. మీ ఇళ్లలోనూ ఆ మాంసం కూరని ‘ఇష్టూ’ అనేవారా? ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడిన నేను, అది ‘ఇష్టం’ నుంచి పుట్టిందని చాలా ఏళ్లు నమ్మాను. స్ట్యూయే ఇష్టూ అయిందని మొన్న తెలిసినా నా అర్థాన్ని వదలబుద్ధి కావడం లేదు.

నానీ ఇప్పుడు మా దగ్గరే ఉంది. జ్వరం తగ్గినా మంచం దిగడం లేదు, గంజి తప్ప ఏదీ ముట్టడం లేదు. అందుకే ఈ వంట. మాంసం మెత్తబడిందో లేదోనని మాటిమాటికీ చూస్తున్నాను.

"ఊకె మూత తీస్తే ఎప్పుడు ఉడుకుతది లా, ఆపా?" అన్నాడు తమ్ముడు, ఇక్కడివాళ్లలా మాట చివర ‘లా’ తగిలించి.

చివరికి గిన్నెలో పోసి తీసుకెళ్లాను. నానీ ఒక చెంచా తిని కళ్లు మూసుకుంది.

"ఇదేం ఇష్టూ, బేటా? పచ్చిమిర్చి ఏది?"

"ఐర్లాండోళ్లు వెయ్యరు నానీ."

"పాపం, వాళ్లకి చెప్పేటోళ్లు లేరు," అంటూ దుప్పటి పక్కకి నెట్టి, గోడ పట్టుకుని వంటగది వైపు నడిచింది.