గొడ్డు పూలు తెంపిన చెయ్యి

మొన్న ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన పిల్ల స్టీలు పళ్ళెంలో మూడు సొరపిందెలు పట్టుకొచ్చింది. మూడూ పసుపురంగు తిరిగి, కొస కుళ్ళి ఉన్నాయి. "అవ్వా, గివెందుకు రాల్తున్నయ్?" అని అడిగింది. ఆ పిందెల్ని చేతిలోకి తీసుకున్నానో లేదో, నాకు మా తోట సారు గుర్తుకొచ్చారు. ఆయన పేరు మాకు తెలుసు గానీ ఎవరమూ ఎప్పుడూ పలకలేదు. తోటల సంగతి చెప్పేవారు కాబట్టి తోట సారు, అంతే.

ఆయన మా ఊరికి వచ్చేనాటికి నా భర్త పోయి ఏడాది తిరగలేదు. వనపర్తి చివర రెండు గదుల రేకుల ఇంట్లో నేనూ, మా అత్తా ఉండేవాళ్ళం. వెనక కొంచెం దొడ్డి ఉంది. మా వైపు మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె వచ్చే రోజున, దొడ్లో మొదటి గింజ ముత్తయిదువ పెట్టాలి. భర్త ఉన్నన్నాళ్ళూ ఆ గింజ నేనే పెట్టాను. ఆయన పోయాక వచ్చిన మొదటి మిరుగుకు మా అత్త పక్కింటి కోడల్ని పిలిచి పెట్టించింది. నేను నీళ్ళ బిందె మోశాను. ఆమె గింజ పెట్టి చెయ్యి దులుపుకుంటుంటే, నా చెయ్యి నేనే కొంగులో దాచుకున్నాను. అత్తను తప్పు పట్టను. మొగుడు పోయినదాని చెయ్యి మంచిది కాదని ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది, నాకు ఈమె చెప్పింది. నేనూ నమ్మాను. నమ్మకపోతే అంత బాధ ఉండేది కాదు.

ఆ వానాకాలంలోనే మహిళా సంఘం గదిలో గురువారం గురువారం ఇంటితోటల క్లాసులు పెట్టారు. నాకు సంతకం వరకే వచ్చు, అయినా పోయాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడేట్టుండేవి. మొదటిరోజు సారు బోర్డు మీద ఏదో రాయబోయి, మా ముఖాలు చూసి సుద్దముక్క జేబులో వేసుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ తీయలేదు. అందరినీ ఎవరి దొడ్డి మట్టి వాళ్ళను పిడికెడు తెమ్మన్నారు. ఒక్కొక్కరి మట్టినీ నీళ్ళతో తడిపి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "నీది ఉప్పు మన్ను, పెంట ఎరువు ఎక్కువెయ్యి" అనో, "నీ మన్ను బంగారమమ్మా, ఉత్తగ పెట్టినవెందుకు?" అనో చెప్పేవారు. ఎవరైనా అడిగింది తెలియకపోతే "నాకు తెల్వదు, కనుక్కొని చెప్త" అనేవారు. చదువుకున్న మనిషి నోట తెల్వదు అనే మాట వినడం నాకు అదే మొదలు. తర్వాతి గురువారం కచ్చితంగా కనుక్కొని వచ్చేవారు కూడా.

ఒకరోజు తలా ఐదు సొరగింజలిచ్చారు. అత్త పక్క వీధికి పోయినప్పుడు, స్నానం నీళ్ళు పారే చోట దొంగతనంగా పెట్టాను. మొలిచింది రెండే. అందులో ఒకటి కోడి తినేసింది. మిగిలిన ఒక్కటీ రేకుల మీదికి ఎగబాకాక అత్త కంట పడింది. పీకేస్తుందనుకున్నాను. నడుం మీద చెయ్యి పెట్టి, తీగను మొదలు నుంచి కొస దాకా చూసి, "పెట్టినవు గద, ఇంగ సక్కగ జూడు. గొడ్డు పూలుంటే తెంపు, తీగ బలమంతా అవే గుంజుకపోతయ్" అంది. మా వాడలో అందరూ చేసే పనే అది. కింద పిందె లేకుండా ఉత్త కాడ మీద పూసేది గొడ్డు పువ్వు. అందరూ ఒకటీ అరా తెంపేవారు. నేను మాత్రం పొద్దుగూకుతుండగా స్టూలెక్కి, రేకుల మీదికి వంగి, ఒక్కటి మిగలకుండా తెంపి మేకకు వేసేదాన్ని. పిందెలు వచ్చినవి వచ్చినట్టు పసుపెక్కి రాలిపోయాయి. పదకొండోది రాలిన రోజు అత్త దాన్ని కాలితో పక్కకు నెట్టి, "నేను జెప్తనే ఉన్న. నీ చెయ్యి" అని అక్కడికి ఆపేసింది.

ఆ గురువారం క్లాసు మధ్యలో లేచి, అందరి ముందూ అడిగేశాను. "సారూ, నా చేత్తోని పెడితే ఏదీ కాయదా?" ఆయన ఊరడించలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. "రేపు పొద్దుగూకే యాళ్లకు వస్తనమ్మా" అన్నారు.

అన్నట్టే మర్నాడు సైకిల్ మీద వచ్చారు. తీగనంతా చూసి, "మిగతా పూలేవమ్మా?" అన్నారు. "గొడ్డు పూలు తెంపిన సారూ. రోజూ తెంపుత." ఆయన నవ్వు ఆపుకున్నారు. "అవి గొడ్డువి గాదు, మగ పూలు. వాటి పుప్పొడి అంటితెనే పిందె నిల్చేది. నీ చేతికి దోషమేం లేదు, పనే జర ఎక్కువ జేసింది."

మా అత్త నోరు తెరిచింది. "పూలల్ల గూడ మొగోళ్ళుంటరా? ఓసినీ, మొగోళ్ళందర్నీ తెంపి మేకకేసినవు గదనే!"

ముందు ఆమే నవ్వింది. తర్వాత నేనూ నవ్వాను. భర్త పోయాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చాను, ఆమె ముఖం తిప్పుకుంది.

రేకుల అంచున నా కళ్ళుగప్పిన మగ పువ్వు ఒకటి దొరికింది. దాని రెక్కలు ఒలిచి, పిందె మీది పువ్వుకు మెల్లగా అంటించాలన్నారు. "మీరే అంటీయుండ్రి సారూ, దాని చెయ్యి వద్దు" అంది అత్త. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "నా చేతికి మీ తీగ తెల్వదమ్మా. పెంచిన చెయ్యే అంటించాలె." స్టూలెక్కాను. నేనే అంటించాను.

నాలుగు రోజులకు పిందె నూగుతో ఆకుపచ్చగా, బొటనవేలంత లావయింది. ఐదో రోజు చూస్తే దాని కాడకు నల్ల దారం కట్టి ఉంది. కట్టింది నేను కాదు. ఆ కాయను అత్త కోయనివ్వలేదు, విత్తనానికని తీగ మీదే ఎండనిచ్చింది.

మళ్ళీ మిరుగు వచ్చింది. పొద్దున్నే గింజలు దొప్పలో పోసుకొచ్చి, అత్త నా ముందు పెట్టింది. "పక్కింటి కోడలికి కాళ్ళు నొస్తున్నయంట. నువ్వే పెట్టు" అంది ఎటో చూస్తూ. అదే సమయానికి ఆ పక్కింటామె నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని మా ముందునుంచే టకటకా నడిచిపోయింది. మేమిద్దరమూ చూశాం. నేను వంగి గింజ పెట్టాను.

అత్త ఇప్పుడు లేదు. సారు ఎటు బదిలీ అయి పోయారో తెలియదు. ఎదురింటి పిల్లకు, పొద్దుగూకే వేళకు వచ్చి తీగ చూస్తానని చెప్పాను. నా చెయ్యి మంచిది కాదన్న మాట నా మీద పడడానికి ఒక్క పూట పట్టింది, అది దిగడానికి మిరుగు నుంచి మిరుగు దాకా పట్టింది. తర్వాత గడిచిన ఏళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి కుప్ప పోసినా, నాకు ఆ ఒక్క ఏడాదంత పొడవు రావు.