నమ్మనప్పుడు మీటరెందుకు?

ఆదివారం సాయంత్రం. కోపం చల్లారకముందే రాస్తున్నాను. మా మనుమడు సాయి తన కారుకు వేగం పెంచే సూపర్‌ఛార్జర్ బిగించి, ఇంజిన్‌ను కనిపెట్టుకుని ఉండడానికి మూడు మీటర్లు కూడా పెట్టాడు. ఈ రోజు నన్ను ఎక్కించుకుని దేవరకొండ దాటగానే ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నాకు పడింది. ఆపమన్నాను.

"మీటరే తప్పు చూపిస్తాంది అవ్వా, ఫికర్ చెయ్యకు."

"నమ్మనోనివి ఎందుకు పెట్టినవ్‌రా?"

"బీపీ మిషన్ ఎక్కువ చూపిస్తే నువ్వు గట్లనే అంటవ్ గదా!"

రెండు కిలోమీటర్లకే ఇంజిన్ పట్టేసి కారు ఆగిపోయింది. ట్రాక్టరుతో కారును లాగించుకుని వచ్చాం. మీ ఇళ్లలోనైనా మీటరు మాట ఎవరైనా వింటారా?

ఇక జరగవలసినవి:

1. ఆయిల్ ఎక్కడ కారిందో సాయి ఇంజిన్ విప్పించి చూడాలి.
2. ముల్లు పడితే వెంటనే బండి ఆపాలి.
3. రేపు పొద్దున్నే నేను దవాఖానకు వెళ్లాలి. మిషన్ మూడు రోజులుగా నూట ఎనభై చూపిస్తోంది.