చీలమండలో నారికురుపు, దాటిపోయిన సిలోన్ బండి

చెన్నపట్నంలో ప్రాక్టీసు ఆడుతున్నాం. బంతి కుడి పక్కకు వచ్చింది. దాని వెంట నాలుగడుగులు పరుగెత్తేసరికి చీలమండ దగ్గర నిప్పు పెట్టినట్టు మండింది. దెబ్బ తగల్లేదు, కాలు మెలిక పడలేదు. అప్పటికే ఒకసారి సిలోన్ వెళ్ళి వాళ్ళ ఆడవాళ్ళ జట్టుతో హాకీ ఆడి వచ్చినదాన్ని. రెండోసారి వెళ్ళే జట్టులోనూ ఫార్వర్డుగా నా పేరు ఉంది. నెల తిరిగేలోపు సిలోన్ ఓడకు చేర్చే రైలుబండి ఎక్కాలి.

జట్టు డాక్టరుగారు కుర్చీలోంచి లేవకుండానే “స్ప్రెయిన్” అన్నారు. తైలం రాసి కట్టు కట్టించారు. కుర్చీలోంచే రోగాలు కనిపెట్టే చదువు ఎక్కడ చెబుతారో నాకు తెలియదు.

మూడోనాటికి కట్టు కింద బొబ్బ లేచింది. మంట ఓర్చుకోలేక కాలు బకెట్టు నీళ్ళలో పెట్టాను. బొబ్బ పగిలి తెల్లని దారం లాంటిది తల బయట పెట్టింది. మా త్రిపురాంతకం వైపు పుట్టినవాళ్ళకు అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. నారికురుపు. జట్టును చూసుకునే దొరసానిగారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంటికి వెళ్ళి నయం చేసుకుని రమ్మన్నారు. గోలు కొట్టిన రోజున భుజం తట్టిన చెయ్యి కూడా ఆ చెయ్యే.

మార్కాపురం రోడ్డు స్టేషనులో నాయన నన్ను దింపుకుని, బండి కట్టించి మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ చూడగానే చెప్పింది. “గినీ వార్మ్. కిందటి వేసవిలో తాగిన నీళ్ళతో లోపలికి పోయింది. ఏడాదిగా నీలోనే పెరిగింది. ఎక్కడ తాగావు?”

ఎక్కడో నాకు బాగా గుర్తుంది. మొదటిసారి సిలోన్ నుంచి వచ్చాక, ఆ వేసవిలో, ఊళ్ళో మా దిగుడుబావి నీళ్ళను, నేను చదివిన మిషన్ బోర్డింగు బడిలో నేర్పినట్టే, గుడ్డతో వడకట్టుకునేదాన్ని. మా జేజికి, అంటే నాయన తల్లికి, అది తలవంపులుగా తోచింది.

“ఏందే, సిలోను పోయొస్తే మా నీళ్ళు నీకు గొంతు దిగవా? మేమంతా తాగి చచ్చినామా?”

మా చిన్నాయన, నాయన తమ్ముడు, చర్చి సంఘంలో పెద్ద. పదిమంది ముందర కుండ మీది గుడ్డ లాగి ముఖం తుడుచుకున్నాడు. “దొరసాని వచ్చింది, దారి ఇడవండి” అన్నాడు. అందరూ నవ్వారు. చెంబు ముంచి నా చేతికిచ్చి, తాగేదాకా కదల్లేదు.

డాక్టరమ్మ పురుగు కొసను పుల్లకు చుట్టి, డ్రెస్సింగ్ చేసింది. “రోజూ కొంచెమే చుట్టాలి. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే సెప్టిక్ అవుతుంది. పుండుతో బావిలో దిగకు, ఊరందరికీ అంటిస్తావు. ఓపిక పడితే నీ బండి అందుకుంటావు” అంది. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. పొద్దున్నే కూలికి వెళ్ళేముందు నాయన ఊపిరి బిగబట్టి పుల్ల తిప్పేవాడు. సగానికి పైగా బయటికి వచ్చింది. బండికింకా రోజులున్నాయి.

ఒకనాడు నాయన వెళ్ళగానే చిన్నాయన వచ్చాడు. “ఈ దారప్పోగుకు ఇన్నాళ్ళా? సిలోను బండి నీ కోసం ఆగుతాదా? ఇట్ల తే కాలు” అన్నాడు. నేను వద్దంటూనే ఉన్నాను. ఒక్క లాగు లాగాడు. తెగింది.

“వచ్చేసినాది” అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి చలిజ్వరం, తెల్లారేసరికి మోకాలిదాకా వాపు. మళ్ళీ ఆసుపత్రి. యాబ్సెస్ అన్నారు, కోసి చీము తీశారు. “ముందు కాలు దక్కనీ, ఆట తర్వాత” అంది డాక్టరమ్మ. జట్టు బండెక్కిన రోజున నేను మంచం మీద గోడవైపు తిరిగి ఏడ్చాను. సంఘంవాళ్ళు ప్రార్థనకు వచ్చారు. మోకాళ్ళు కనబడేట్టు పరుగెత్తే ఆడపిల్లను దేవుడు ఊరుకుంటాడా అని గొణుక్కున్నారు. గుడ్డ లాక్కున్నవాణ్ణి వదిలేసి, నా చీలమండ వెతుక్కుంటూ వచ్చాడన్నమాట దేవుడు.

పుండు మానినా కీలు బిగుసుకుపోయింది. గుండ్లకమ్మ ఏటి ఇసుకలో కర్ర పట్టుకుని నడిచాను, తర్వాత కర్ర లేకుండా, ఆ తర్వాత హాకీ కర్రతో. పాత పరుగు మళ్ళీ రాలేదు. దాని బదులు బంతిని త్వరగా అందించడం నేర్చుకున్నాను. మరుసటి ఎంపికలో ఆ డాక్టరుగారే కూర్చున్నచోటి నుంచి “స్ప్రెయిన్ తగ్గిందా?” అని అడిగారు. తగ్గిందన్నాను. సిలోన్ వెళ్ళాను, గోలు కొట్టాను.

ఇప్పుడు మార్కాపురంలో ఆడపిల్లల బడిలో డ్రిల్లు చెబుతున్నాను. ఈ వేసవిలో చిన్నాయన కుంటుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆయన మోకాలి కింద అదే తెల్లని కొస.

“పాపా, సచ్చిపోతాండా. ఒక్క లాగు లాగి పారెయ్యమ్మా.”

“లాగను చిన్నాయనా. కాలు చాపి కూచో.”

ఆయన్ని నేను క్షమించలేదు. అయినా రోజూ పుల్ల నేనే తిప్పుతున్నాను, కొంచెం కొంచెంగా. ఇంటికి వెళ్ళేముందు నీళ్ళడుగుతాడు. మా కుండకు గుడ్డ కట్టే ఉంటుంది. ఇప్పుడు దాంతో ముఖం తుడుచుకోడు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. తాగే నీళ్ళను రెండు మడతల గుడ్డలో వడకట్టండి, ఎవరింట్లోనైనా సరే. నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. గుడ్డ మాత్రం తీయకండి.